ఉత్తరం వైపు వాలిన ప్యానెళ్ళు

మా మిద్దె మీద సోలార్ ప్యానెళ్ళు ఎనిమిది నెలల పాటు ఉత్తరం వైపు వాలి ఉన్నాయి. మద్రాసులో ప్యానెల్ దక్షిణానికి వాలాలని నేను మొదటి రోజే చెప్పాను. చెప్పానన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అవును, చెప్పావని నా ముఖం మీద అనేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

ఇల్లు ఉత్తర మద్రాసులో, పాత బజారు వీధుల వెనక. మూడు అంతస్తులు. కింద మా అన్న, వదిన. అన్నది ఎండుమిరపకాయల టోకు వ్యాపారం, నాన్న నుంచి వచ్చింది. మధ్య అంతస్తులో అద్దెకున్నవాళ్ళు. పై అంతస్తు నాది. పోయే ముందు నాన్న అందరి ఎదుటా “పైది పాపకు” అని చెప్పి పోయారు. అన్న ఆ మాటకు ఎదురు చెప్పలేదు. కానీ ఇంటికి ఎవరొచ్చినా “పైన మా చెల్లెలు ఉంటా ఉంది” అంటాడు, అద్దెకున్నవాళ్ళ గురించి చెప్పినట్టే.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పాను. భూమి వంగి తిరుగుతుందనీ, అందువల్ల మనకు సూర్యుడు ఆరు నెలలు అటూ ఆరు నెలలు ఇటూ జరుగుతున్నట్టు కనిపిస్తాడనీ ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకు చెప్పాను. ఏడో తరగతి పిల్లలకు అర్థమైంది. మా అన్నకు అర్థం కాలేదు.

పై అంతస్తులో వేసవి ఎలా ఉంటుందో కింద పడుకునేవాళ్ళకు చెప్పినా తెలియదు. పొద్దుటి నుంచి కాగిన కప్పు మధ్యాహ్నం మూడింటికి వేడిని కిందికి వదలడం మొదలుపెడుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడే ముఖాన కొడుతుంది. కప్పు మీద తడి గోనెలు పరిచాను. తెల్ల సున్నం కొట్టించాను. సున్నం ఒక్క వానాకాలానికి పోయింది. ప్యానెళ్ళు పెడితే కప్పుకు నీడా ఇంటికి కరెంటూ రెండూ దక్కుతాయని నాకు తోచింది. రెండేళ్ళు చెప్పాను. అన్నది ప్రతిసారీ ఒకటే మాట.

“సూర్యుడు ఊరికే కాస్తా ఉండాడు గదా పాపా. ఆయనకు కూడా మీటరు పెట్టాల్నా?”

వదిన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేది.

తరువాత బజారులో పక్క అంగడి ఆయన తన ఇంటి మీద పెట్టించుకున్నాడు. అది జరిగిన వారానికే, ఒక ఆదివారం భోజనాల దగ్గర, అన్న చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని ప్రకటించాడు.

“నేను ఒకటి ఆలోచన చేసినా. మన మిద్దె మీద సోలార్ పెడదాం.”

నేను అన్నంలో చారు పోసుకుంటున్నాను. వదిన నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆ పూట నేనేమీ అనలేదు. పని జరగడమే నాకు ముఖ్యమనుకున్నాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో నుంచి సగం ఖర్చు నేనే పెట్టుకున్నాను కూడా. ఆ పూట ఊరుకోవడం నా తప్పు. మొదటి ముద్ద దగ్గర ఊరుకున్నవాళ్ళను ఆఖరి ముద్ద దాకా ఊరుకోమంటారు.

ఇక్కడ నా పుల్ల సంగతి చెప్పాలి. బడిలో ఉన్నప్పుడు పిల్లల చేత ఒక పుల్లను నేలలో నిలువుగా పాతించి, మిట్టమధ్యాహ్నం దాని నీడ ఎంత పొడుగుందో, ఎటు పడిందో గీత గీయించేదాన్ని. రిటైరైన తరువాత ఆ అలవాటు మానలేక, పాత పెయింటు డబ్బాలో సిమెంటు పోసి, మూడడుగుల కర్ర నిలబెట్టి, మిద్దె మీద ఒక మూల పెట్టుకున్నాను. నెలకొకసారి, పన్నెండు దాటిన పది నిమిషాలకు, నీడ చివర సుద్దముక్కతో గీత గీసి పక్కన నెల పేరు రాసేదాన్ని. మార్గళిలో, అంటే డిసెంబరు ఆఖర్లో, నీడ ఉత్తరానికి రెండడుగుల పైన పడింది. అంటే సూర్యుడు దక్షిణాన అంత కిందికి దిగాడన్న మాట. ఆ గీతలు అలాగే ఉండి ఉంటే ఈ కథంతా ఉండేది కాదు. కానీ వేసవి మొదట్లో వదిన వడియాలు పెట్టడానికి మిద్దె కడిగించింది. ఆ మూల వదిలేయమని చెప్పి కిందికి దిగాను. మళ్ళీ పైకి వచ్చేసరికి పనిమనిషి పుల్లను పక్కకు జరిపి చీపురుతో తోమేసి ఉంది.

“సుద్ద గీతలే గదా పాపా. మళ్ళా గీసుకో,” అంది వదిన.

మళ్ళీ గీయాలంటే మార్గళి రావాలి. అప్పటికి తొమ్మిది నెలలుంది.

మే నెలలో అంబత్తూరు నుంచి సోలార్ పెట్టే ఆయన వచ్చాడు. చిన్న వర్క్‌షాపు ఉంది ఆయనకు. ప్యానెళ్ళ కింద నిలబెట్టే ఇనుప స్టాండ్లు అక్కడే చేయిస్తాడు. తమిళుడు, కానీ బజారు ఇళ్ళల్లో పని చేసి చేసి తెలుగు పట్టుబడింది. టేపు పెట్టి మిద్దె కొలుచుకున్నాడు. నీళ్ళ ట్యాంకు నీడ ఎక్కడిదాకా వస్తుందో నన్నే అడిగాడు. ఆ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది. ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుందో చెప్పాను. రాసుకున్నాడు.

“సౌత్ పక్కకు వాల్చి పెడదాం సార్,” అన్నాడు అన్నతో. “పన్నెండు డిగ్రీ చాలు. సంవత్సరమంతా బాగా వస్తది.”

అన్న తలూపబోయేవాడే. కానీ ఆ రోజు అన్న వెంట వాస్తు చెప్పే పెద్దాయన కూడా వచ్చి ఉన్నాడు. మా ఇంట్లో కొత్త బీరువా దించాలన్నా ముందు ఆయన రావాలి. కుళాయి ఏ గోడకు పెట్టాలో, గల్లాపెట్టె ఎటు చూడాలో ఆయనే చెబుతాడు. ఆయన గొడుగు కర్రతో గాలిలో ఒక వాలు గీసి చూపించాడు.

“దక్షిణానికి వాల్చితే ఏమవుతుంది? ఉత్తరం అంచు పైకి లేస్తుంది. ఇంటికి ఉత్తరం పల్లం ఉండాల, దక్షిణం ఎత్తు ఉండాల. నువ్వు తలకిందులు చేస్తా ఉండావు నాయనా. యజమానికి మంచిది కాదు.”

“అది నేలకూ గోడలకూ చెప్పిన మాట గదండీ,” అన్నాను. “ఇవి అద్దాల పలకలు. వీటికి ఎండ తగలాల. ఎండ దక్షిణం నుంచి వస్తుంది.”

“నువ్వు ఊరుకో పాపా. పెద్దాయన మాట్లాడతా ఉండాడు.”

“నేనూ మాట్లాడతా ఉండా గదా అన్నా.”

“అదే వద్దంటా ఉండా.”

నాకు పట్టుదల వచ్చింది. మాటలు వద్దు, కళ్ళతో చూడండి అని వాళ్ళ ముగ్గురినీ పుల్ల దగ్గరికి తీసుకుపోయాను. సరిగ్గా మిట్టమధ్యాహ్నం. మే నెల ఆఖరు. నేను చేసిన పనిలో ఇంతకన్నా తెలివితక్కువ పని లేదు. ఎందుకంటే ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా, ఆ కొద్ది కాలం మాత్రమే, మద్రాసులో సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి పోతాడు. మిగతా ఎనిమిది నెలలూ దక్షిణానే ఉంటాడు. ఆ సంగతి ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పినదాన్ని, కోపంలో ఏ నెలలో ఉన్నానో మరిచిపోయాను. పుల్ల నీడ జానెడు కూడా లేదు. ఆ ఉన్న కాస్తా దక్షిణానికి పడి ఉంది.

అన్న వంగి చూశాడు. నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, నన్ను ప్రశ్న అడిగాడు. ఆ భంగిమ నాదే.

“నీడ ఏ పక్క పడతా ఉండాది టీచరమ్మా?”

“దక్షిణం.”

“అప్పుడు సూర్యుడు ఏ పక్క ఉండాడు?”

“ఇప్పుడు ఉత్తరమే. ఇంకా మూడు నెలలే అన్నా. మార్గళిలో...”

“సెరి, సెరి. నీ పుల్లే సాక్షి చెప్తా ఉండాది. ఇంకేం కావాల?”

పెద్దాయన గొడుగు విప్పుకుని నవ్వాడు. మెట్ల దగ్గర నిలబడ్డ వదిన నవ్వింది. అంబత్తూరు ఆయన ఒక్కడే నవ్వలేదు.

“సార్, మేడం చెప్పేదే కరెక్టు సార్. ఇప్పుడు తెలవదు. చలికాలంలో చాలా తగ్గుతది,” అన్నాడు.

“ఇల్లు మాది. పెట్టేది నువ్వు. పెద్దాయన చెప్పినట్టు పెట్టు. వేరే మాట వద్దప్పా.”

ఉత్తరానికే వాల్చి పెట్టారు. దిగిపోతూ ఆయన నాతో మెల్లగా ఒక మాట చెప్పాడు. స్టాండు కాళ్ళు వెల్డింగు చేయలేదనీ, బోల్టులతోనే బిగించాననీ, ఎప్పుడైనా పొట్టి కాళ్ళు అటూ పొడుగు కాళ్ళు ఇటూ మార్చుకుంటే చాలనీ, ఒక పూట పని అనీ. అప్పటి నుంచీ నాకు కావలసింది ఒక్కటే అయింది. ఆ ప్యానెళ్ళు దక్షిణానికి తిరగాలి. నేను చెప్పినందుకు తిరగాలి.

జూన్ నెలంతా అన్న ఊరేగాడు. ఉత్తరానికి వాలిన ప్యానెల్‌కు జూన్‌లో ఎండ నిండుగా తగులుతుంది, తగలక ఏమవుతుంది? ఎంత కరెంటు వచ్చిందో ఫోన్‌లో చూపించే ఆప్ ఆయన ఫోన్‌లోనే పెట్టించుకున్నాడు. నాకూ పెట్టమంటే “నీకెందుకు పాపా, అడిగితే నేను చెప్తా గదా,” అన్నాడు. అడగలేదు. మెట్ల కింద బిగించిన ఇన్వర్టర్ పెట్టె మీద రోజూ చీకటి పడేవేళ కనిపించే అంకెను నేనే పాత టీచరు డైరీలో రాసుకున్నాను. వచ్చినవాళ్ళందరికీ అన్న ఫోన్ చూపించేవాడు. “మా పాప దక్షిణం దక్షిణం అనింది. విని ఉంటే ఏమయ్యుండేది?” అనేవాడు. నేను పైనుంచి దిగుతున్నానో లేదో చూసుకుని మరీ అనేవాడు.

నిజం చెప్పాలంటే ఆ కరెంటును వాడుకోవడం ఆ ఇంటికి నేర్పింది నేను. మా బ్యాటరీ చిన్నది. సాయంత్రం కరెంటు పోతే రెండు ఫ్యాన్లకూ నాలుగు లైట్లకూ సరిపోయేంతే. కాబట్టి పగలు పుట్టింది పగలే ఖర్చు పెట్టాలి. మా ఇంట్లో తాతల నాటి నుంచీ నీళ్ళ మోటారు తెల్లవారుజామున వేస్తారు. పిండి పొద్దు గూకాక రుబ్బుతారు. బట్టలు ఎప్పుడు కుదిరితే అప్పుడు ఉతుకుతారు. నేను ఒక అట్ట మీద టైమ్‌టేబుల్ రాసి మెట్ల దగ్గర తగిలించాను. పది గంటలకు వాషింగ్ మెషీన్. పదకొండుకు ఇస్త్రీ. పన్నెండుకు నీళ్ళ మోటారు. రెండింటికి గ్రైండరు. రెండు పెద్ద యంత్రాలు ఒకేసారి తిప్పకూడదు, తిప్పితే పైనుంచి వచ్చేది చాలక, బిల్లు పడే బోర్డు కరెంటు లాగుతుంది.

“రెండింటికి రుబ్బితే ఆరింటికే పులిసి పొంగుతుంది పాపా. వేసవిలో ఎట్ల?” అంది వదిన.

“రుబ్బినాక రెండు గంటలు ఫ్రిజ్జులో పెట్టి తీయి వదినా. ఫ్రిజ్జు కూడా ఎండతోనే గదా నడిచేది.”

“ఇదేం ఇల్లా, ఇస్కూలా? గంట కొట్టేది ఒకటే తక్కువ.”

అంది కానీ రెండింటికే రుబ్బింది. నెల తిరిగేసరికి టైమ్‌టేబుల్ ప్రకారం అందరి చేతా చేయించేది వదినే. అద్దెకున్న అమ్మాయి ఒకసారి పదకొండుకు మోటారు వేస్తే పైకి కేకేసింది.

కడగడం కూడా నా పనే. ఎన్నూరు థర్మల్ ప్లాంటు పక్క నుంచి వచ్చే బూడిద, హార్బరు లారీల దుమ్ము మా వీధిలో కిటికీ ఊచల మీద వేలితో గీస్తే నల్లగా అంటుతాయి. వారం కడగకపోతే ప్యానెల్ మీద పొర కట్టేస్తుంది. ఎండెక్కాక చన్నీళ్ళు పోయకూడదు, కాగిన అద్దం పగలవచ్చు. ఆరున్నరకు ముందే, మెత్తటి గుడ్డతో తుడవాలి. బోరు నీళ్ళు మా దగ్గర ఉప్పు. ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి. కుళాయిలో వచ్చే మెట్రో నీళ్ళు రెండు బిందెలు ముందురోజే పైన పట్టి పెట్టుకునేదాన్ని. పావురాలు కింద గూళ్ళు పెట్టకుండా చుట్టూ వల కట్టించాను. నా మాట వినకుండా పెట్టిన ప్యానెళ్ళకు నేను ఎనిమిది నెలలు ఒళ్ళు తోమాను. దక్షిణానికి తిరిగిన రోజున అద్దం శుభ్రంగా ఉండాలని తోమాను.

అక్టోబరు నడుమ నుంచి, ఐప్పసి, కార్తీక నెలల్లో వానలు. కరెంటు తగ్గింది. మబ్బులని అందరూ అన్నారు, నేనూ కాదనలేదు. మార్గళి వచ్చింది. వానలు తగ్గి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అయినా డైరీలో అంకె పెరగలేదు. జూన్‌లో రోజుకు నాలుగు యూనిట్లు అనుకుంటే ఇప్పుడు రెండున్నర దగ్గర తచ్చాడుతోంది. మోటారు వేసే వేళకు బోర్డు కరెంటు లాగుతోంది. ఒక సాయంత్రం వీధిలో కరెంటు పోతే బ్యాటరీ గంటన్నరకే చేతులెత్తేసింది. జూన్‌లో మూడు గంటలు లాగిన బ్యాటరీ అది.

నేను డైరీ పట్టుకుని కిందికి దిగాను. అన్న టార్చి వెలుగులో విసనకర్రతో కూర్చున్నాడు.

“చూడన్నా. మబ్బు లేదు. అద్దాల మీద దుమ్ము లేదు. వాలు ఒకటే తప్పు. ఒక్క పూట పని. అంబత్తూరు ఆయన్ను పిలిపిస్తే...”

“నువ్వే గదా సోలార్ పెట్టాల పెట్టాల అని రెండేండ్లు మా ప్రాణం తీసింది?”

జూన్‌లో ఆయన ఆలోచన. మార్గళిలో నా ఆలోచన.

“పెట్టమంది నేనే. ఉత్తరానికి పెట్టమంది నువ్వు.”

“ఆ డైరీ తీసుకుని పైకి పో పాపా. ఈడ నీ పిల్లకాయలు ఎవురూ లేరు.”

ఇది మొదటిసారి కాదు. చాలా ఏళ్ళ కిందట కొత్త ఫ్రిజ్జు కొన్నప్పుడు గోడకు ఆనించవద్దు, వెనక గాలి ఆడాలి అన్నాను. “ఫ్రిజ్జుకు ఊపిరి కావాల్నంట” అని నాన్నతో చెప్పి నవ్వాడు. అది చెడిపోయి మెకానిక్ వచ్చి జానెడు ముందుకు లాగి అదే మాట చెబితే, మెకానిక్ చేతిలో నోటు పెట్టి “పనితనం తెలిసినోడు” అన్నాడు. ఆ రోజు నేను కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది. ఇవన్నీ ఎందుకు గుర్తు పెట్టుకుంటావని వదిన అడుగుతుంది. మరిచిపోవాలని అనిపించేలా ఒక్కసారైనా ఎవరూ నడుచుకోలేదు.

మధ్య అంతస్తులో ఉన్నది గుంటూరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, సగం రోజులు ఇంటి నుంచే పని. ఆ అమ్మాయి నా పుల్లనూ డైరీనీ చూసింది. నేను చెప్పింది ఒక్కసారికే పట్టుకుంది. తరువాత ఆ అబ్బాయి కూడా పైకి వచ్చి విన్నాడు.

“ఆంటీ, మా ఆయన చేత అంకుల్‌కి చెప్పించమంటారా? ఈయన మాటైతే వింటారండీ,” అంది ఆ అమ్మాయి.

“వద్దు.”

“అదేంటి ఆంటీ? రోజూ నష్టమే కదండీ.”

“నష్టం నాకు తెలుసు. వద్దు.”

మూడు వారాలు వద్దన్నాను. ఎండ ఉన్న ప్రతి రోజూ నా మొండితనానికి ఎంత కరెంటు పోతోందో డైరీలో నేనే రాసుకున్నాను. ఆ తరువాత ఒక పొద్దున అన్న ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ “అంతా ఏమారినాం అప్పా. సెకండ్ హ్యాండ్‌లో ఎవురన్నా తీసుకుంటారేమో చూడు,” అనడం మెట్ల మీద నుంచి విన్నాను. ప్యానెళ్ళు దించేస్తారు. నా కప్పు మళ్ళీ కాగుతుంది. సోలార్ అంటేనే ఉత్త మోసమని బజారంతా చెబుతాడు, పాప మాట విని మోసపోయానని కూడా చెబుతాడు. ఆ మధ్యాహ్నం మధ్య అంతస్తు తలుపు తట్టి ఆ అబ్బాయితో “చెప్పు నాయనా” అన్నాను. ఆ రెండు మాటలు నా నోట్లోంచి ఎలా వచ్చాయో నాకే తెలియాలి.

ఆదివారం పొద్దున్నే చెప్పాడు. నేను మెట్ల మలుపులో నిలబడ్డాను. చాటుగా వినడం తప్పే. ఆ మాటలు నావి కాబట్టి విన్నాను. సూర్యుడు ఏ నెలలో ఎటుంటాడో, వాలు ఎందుకు మార్చాలో, కాళ్ళ బోల్టులు విప్పితే ఒక పూట పని అని, నేను చెప్పింది చెప్పినట్టు, వరస కూడా తప్పకుండా చెప్పాడు. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది.

“అట్లనా!” అన్నాడు అన్న. “ఇంత సంగతి మాకు ఎవురూ చెప్పలేదే తమ్ముడూ!”

“ఆంటీ కూడా ఇదే...”

“పాపది బడి చదువు. నువ్వు ఇంజనీరువు. ఏమే, తమ్ముడికి ఇడ్లీ పెట్టు, నెయ్యి వెయ్యి.”

నెయ్యి వేసిన శబ్దం వినపడదు కానీ నాకు వినిపించింది.

వాస్తు పెద్దాయనకు ఫోన్ చేశారు. ఆయన పది నిమిషాలు ఆలోచించి పరిహారం చెప్పాడు. నైరుతి మూల పెద్ద సిమెంటు తొట్టి పెట్టి నిండా ఇసుక పోస్తే దక్షిణం బరువెక్కుతుందట, ఇక ఉత్తరం అంచు ఎంత లేచినా దోషం లేదట. ఆ తొట్టి మే నెలలో దొరకలేదు కాబోలు.

జనవరి నడుమ, తై నెల మొదటి వారంలో అంబత్తూరు ఆయన ఇద్దరు మనుషులతో వచ్చి కాళ్ళు మార్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోయింది. ఆ సాయంత్రం డైరీలో అంకె నాలుగుకు దగ్గరగా వచ్చింది. వదిన పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టించింది. పైనే ఉన్నా నేను తలుపు తీయలేదు. కొబ్బరి ముక్క పళ్ళెంలో పెట్టి గుమ్మం ముందు ఉంచి పోయింది.

నేను ఆ అవమానాన్ని అక్కడితో మింగేసి ఉండేదాన్నేమో. కానీ నెల రోజులకు అన్న తన స్నేహితుణ్ణి మిద్దె మీదికి తీసుకొచ్చాడు. బజారులో స్టీలు పాత్రల అంగడి ఆయనది. తన ఇంటి మీద కూడా పెట్టించాలని చూడటానికి వచ్చాడు. నేను ఆ పక్క బట్టలు ఆరేస్తున్నాను. అన్న ప్యానెల్ అంచు మీద చెయ్యి వేసి పాఠం మొదలుపెట్టాడు. చలికాలంలో సూర్యుడు దక్షిణాన దిగుతాడనీ, వేసవిలో కొద్ది నెలలే ఉత్తరానికి వస్తాడనీ, ఆ కొద్ది నెలలు చూసి మోసపోకూడదనీ. చివరికి పుల్లను కూడా చూపించాడు. అంతదాకా నేను తీగె మీద బట్టలకు క్లిప్పులు పెడుతూనే ఉన్నాను.

“మొదట్లోనే ఇట్ల పెట్టినారా అన్నా?” అని అడిగాడు స్నేహితుడు.

“యాడ! ఆ అంబత్తూరోడు ఉంటాడే, వాడికి పని తెలీదు. ఉత్తరానికి పెట్టేసి పోయినాడు. మనం కనిపెట్టి తిప్పించినాం. నువ్వు వాడికి మాత్రం ఇయ్యవద్దప్పా.”

నా చేతిలో క్లిప్పు ఆగింది. నన్ను అనడం నాకు అలవాటే. మే నెలలో ఆ మిద్దె మీద నవ్వని ఒకే ఒక్క మనిషి ఆ అంబత్తూరు ఆయన. అన్న ఆయన పనికే దెబ్బ కొడుతున్నాడు.

“ఆయన తప్పేం లేదండీ,” అన్నాను, స్నేహితుడి వైపు తిరిగి. “ఆయన దక్షిణానికే పెడతానన్నాడు. నేనూ అదే చెప్పినా. ఉత్తరానికి పెట్టించింది మా అన్న. పని కావాలంటే మీరు ఆయనకే ఇయ్యండి. నంబరు నా దగ్గర ఉండాది.”

స్నేహితుడు అన్న ముఖం చూశాడు. అన్న ముందు ఎర్రబడి, తరువాత నవ్వు తెచ్చుకున్నాడు.

“మా పాప టీచరు గదా. మార్కులు వేయకుండా ఉండలేదు.”

స్నేహితుడూ నవ్వాడు. ఆ నవ్వులో నన్ను కూడా కలుపుకోవాలని చూశాడు. నేను కలవలేదు. ఇద్దరూ కిందికి దిగిపోయారు. నంబరు అడగలేదు.

ఆ సాయంత్రం నుంచీ అన్న నాతో మాట్లాడడు. వారం చూసి వదిన పైకి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో రెండంతస్తులు ఎక్కి వచ్చి, నా మంచం మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

“బయట మనిషి ముందర అట్ల అంటారా పాపా? ఆయనకు ఎంత తలవంపు?”

“ఆ అంబత్తూరు ఆయనకు తలవంపు కాదా?”

“ఆయన ఎవురో, యాడనో ఉండాడు. ఈయన నీ అన్న. ఒక్క మాట, తప్పయింది అనేసెయ్యి. నీకేం పోతుంది?”

“నాకేం పోదు వదినా. ఆయనకూ ఏం పోదు. ‘పాప ముందే చెప్పింది, నేను వినలేదు.’ ఈ ఒక్క మాట ఆయన్ను అనమను. నేను వెంటనే దిగొచ్చి తప్పయిందంటా.”

వదిన తల అడ్డంగా ఊపింది.

“ఆయన అనడు పాపా.”

“తెలుసు.”

“నువ్వూ అనవు.”

“అనను.”

“ఒకే కడుపున పుట్టినారు,” అని గోడ పట్టుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు మెట్ల వైపు చూసి, గొంతు తగ్గించింది. “నువ్వు చెప్పినావు. మే నెలలోనే చెప్పినావు. నేనూ ఆడనే ఉన్నా గదా.”

“ఆ మాట కింద అనగలవా వదినా?”

ఆమె పిట్టగోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగిపోయింది.

ఇది రాస్తున్న నాటికి రెండు నెలలు దాటింది. మెట్ల మీద ఎదురుపడితే అన్న గోడ వైపు ఒదుగుతాడు, నేను పిట్టగోడ వైపు ఒదుగుతాను. మా ఇద్దరి మధ్యా ఇంకొక మనిషి నడిచిపోయేంత చోటు ఉంటుంది.